పనివాని పాదమూ, అంగడి జోడూ

మామిడికుదురు వంటి ఊళ్ళో జోళ్ళు కొనటానికి దుకాణంలో అడుగుపెట్టిన మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎన్నో నెంబరండీ?" అన్నది. "ఏడు" అనో "ఎనిమిది" అనో చెప్పగానే అట్టపెట్టెలు దిగుతాయి. ఆ మనిషి ఏమి పని చేస్తాడు, రోజుకు ఎన్ని గంటలు నిలబడతాడు, ఏ నేల మీద నడుస్తాడు, అతని పాదం ఎంత వెడల్పు అన్న ప్రశ్నలు ఎవరూ వెయ్యరు. పెట్టె మూత తీస్తూ దుకాణదారు "మెత్తగా ఉంటాయండి, కాలికి మంచి సపోర్టు" అని హామీ ఇస్తాడు. నెంబరు, మెత్తదనం, సపోర్టు - జోడు మంచిచెడ్డలు ఈ మూడు మాటల మీదనే నిర్ణయమైపోతున్నాయి. వీటిలో ఏది ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించి చూడటం అవసరం.

అవసరమెందుకంటే, ఈ ప్రాంతంలో పాదంతో నిమిత్తం లేని వృత్తి లేదు. కొబ్బరి దింపేవారు, కాయ ఒలిచేవారు, ఊడ్పులు ఊడ్చే స్త్రీలు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే కూలీలు, పాశర్లపూడి గ్యాసు బావుల దగ్గర పనివారు, 216 నెంబరు జాతీయ రహదారి వెంబడి దుకాణాలలో పొద్దస్తమానం నిలబడే గుమాస్తాలు, ఆస్పత్రి నర్సులు, రోజుకు ఐదారు పీరియడ్లు నల్లబల్ల ముందు గడిపే ఉపాధ్యాయులు, ఇల్లూ వాకిలీ విడిచి కువైట్‌లో గట్టి పలకల నేల మీద పనిచేసే కోనసీమ ఆడపడుచులు, అందరి జీవనమూ కాళ్ళ మీదనే నిలిచి ఉంది. ఉద్యోగికి మడమనొప్పి వస్తే సెలవు చీటీ ఉంటుంది. కూలివానికి అదే నొప్పి పోయిన కూలి రూపంలో వస్తుంది.

జోడు సంగతి శాస్త్రానికి మరీ చిన్నదని భావించేవారు ఇద్దరు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులను జ్ఞాపకం చేసుకోవచ్చు. హాలండు దేశీయుడైన పీటర్ కాంపర్ 1781లో, మంచి జోడు ఎట్లా ఉండాలన్న విషయం మీద ప్రత్యేకించి ఒక గ్రంథం ప్రకటించాడు. 1858లో జూరిచ్ ఆచార్యుడు హెర్మన్ ఫాన్ మేయర్ ఆ విచారణను ఒక గీతగా తేల్చి చూపించాడు. బొటనవేలి నడుమగా గీసిన గీతను వెనుకకు పొడిగిస్తే అది మడమ నడుమగుండా పోవాలి. జోడు అడుగును ఆ గీత ప్రకారం కోయాలి. ఇది ఆయన వాదం. నేటి కోసుమూతి బూటును తిరగవేసి మేయరు గీత గీసి చూడండి. బూటు మొన నడిమివేళ్ళ ఎదుట ఉంటుంది. మనిషి పాదంలో ముందుకు సాగివచ్చేది నడిమివేలు కాదు, సాధారణంగా బొటనవేలు వైపు. ఆ మొనలో ఇరుక్కోవటానికి బొటనవేలు పక్కకు ఒరగవలసిందే. నూట అరవై ఏళ్ళ క్రిందట చెప్పిన ఇంత తేలిక సంగతి అంగళ్ళలోకి ఇంకా పూర్తిగా రాలేదంటే, లోపం శాస్త్రంలో లేదు.

ఇక నెంబరు మాట. మన దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇంగ్లీషు కొలత. దానికి మూలం యవగింజ. మూడు యవగింజలు ఒక అంగుళం. ఒక నెంబరుకూ తరువాతి నెంబరుకూ భేదం ఒక యవ, అనగా అంగుళంలో మూడో వంతు, సుమారు 8.5 మిల్లీమీటర్లు. (మన పాత కొలతలలో కూడ యవ ఉంది. ఎనిమిది యవలు ఒక అంగుళమని అర్థశాస్త్రం లెక్క. అక్కడ కొలిచింది గింజ వెడల్పును, ఇంగ్లీషువారు కొలిచింది నిడివిని.) పిల్లల సున్నా నెంబరు 4 అంగుళాల దగ్గర మొదలవుతుంది; 13 దాకా వెళ్ళి పెద్దల లెక్క మళ్ళీ ఒకటితో ప్రారంభమవుతుంది. కాబట్టి పెద్దవారి 7 నెంబరు అంటే 4 అంగుళాలకు 20 యవలు కలిపితే వచ్చే 10⅔ అంగుళాలు. ఇది పాదం పొడవు కాదు సుమా! జోడును కుట్టటానికి వాడే అచ్చు పొడవు. పాదానికీ అచ్చుకూ నడుమ ఎంత ఖాళీ విడవాలన్నది తయారుచేసేవాని ఇష్టం. అందుకే ఒక కంపెనీ ఏడు మరొక కంపెనీ ఎనిమిదితో సమానమవుతూ ఉంటుంది. ఐరోపా ఖండంలో వాడే 40, 41, 42 అన్న అంకెల భేదం సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. ఆ లెక్క వేరు, దోషం మాత్రం ఒక్కటే. ఈ అంకెలన్నీ పొడవును గురించే మాట్లాడుతాయి. వెడల్పును గురించి నోరు మెదపవు.

నిజానికి చిక్కు అంతా వెడల్పుతోనే. 2009లో బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతదేశానికి వచ్చి, పుట్టినది మొదలు చెప్పులు లేకుండా నడిచేవారి పాదాలను, జోళ్ళకు అలవాటుపడిన భారతీయుల పాదాలను, పాశ్చాత్యుల పాదాలను పోల్చి చూసిన ఫలితాలు ప్రకటించారు. వట్టికాళ్ళతో నడిచేవారి పాదం ముందుభాగం వెడల్పుగా ఉన్నది. నడిచేటప్పుడు బరువు అరికాలంతటా ఎక్కువ సమంగా పంచుకొన్నది. చిన్నతనమంతా గట్ల మీదా బురదలోనూ తిరిగి, ఏ ఇరవయ్యో ఏటనో ఉద్యోగం కోసం బూటు తొడిగే కోనసీమ కుర్రవాని పాదం ఇటువంటిదే. అంగడిలోని అచ్చు మరొక జాతి పాదాన్ని చూసి చెక్కినది. అతనికి 7 నెంబరు పొడవు సరిపోతుంది, వేళ్ళ దగ్గర పట్టదు. దుకాణదారు తక్షణం 8 నెంబరు తెచ్చి ఇస్తాడు. సమస్య తీరినట్లు కనిపిస్తుంది.

తీరలేదు. ఇంగ్లీషు లెక్కలో ఒక నెంబరు పెరిగితే వేళ్ళ మొదట చుట్టుకొలత పావు అంగుళం, అనగా 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ ఆరు మిల్లీమీటర్ల వెసులుబాటు కోసం కొన్నవాడు అక్కరలేని ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవును కూడ మోస్తున్నాడు. అడుగు వేసేటప్పుడు పాదం వేళ్ళ మొదట వంగుతుంది. ఆ వంపు మడమ నుంచి లెక్కిస్తే పాదం పొడవులో సుమారు పదింట ఏడు వంతుల దగ్గర ఉంటుంది. జోడును కూడ అక్కడే వంగేటట్లు చేస్తారు. జోడు ఒక నెంబరు పెద్దదైతే దాని వంపు, పాదం వంపు కంటె ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. పాదం ఒక చోట, జోడు మరొక చోట వంగుతాయి. మడమ లేచిపోతూ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచటానికి వేళ్ళు ముడుచుకొంటాయి. సాయంత్రానికి పిక్కలు లాగుతాయి. కొత్త జోడు కరుస్తుందని లోకులు సర్దుకుపోతారు. చాలాసార్లు ఆ కాటు కొత్తదనం వల్ల వచ్చింది కాదు. వెడల్పు చెప్పని అంకె వల్ల వచ్చింది.

ఈ లోపాన్ని సరిదిద్దటానికి మన దేశంలో ఒక ప్రయత్నం జరిగింది. చెన్నైలోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను యంత్రాలతో మూడు దిక్కులా కొలిపించింది. భారతీయుల పాదం, మనం వాడుతున్న విదేశీ అచ్చుల కంటె వెడల్పని తేలింది. ఆడపిల్లల పాదం ఎదుగుదల సుమారు 11వ ఏటికి, మగపిల్లలది 15, 16 ఏళ్ళకు పతాకస్థాయికి చేరుతుందని కూడ ఆ కొలతలు చూపించాయి. దీని మీద ఆధారపడి 'భ' అనే పేరుతో, పసిపిల్లలు మొదలు పెద్దల వరకు ఎనిమిది తరగతులుగా, కొత్త కొలత పద్ధతిని ప్రతిపాదించారు. భారతానికి 'భ' అన్నమాట. ప్రతిపాదన మెచ్చదగినదే. అయితే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. లక్ష పాదాల సగటు తీసి అచ్చును వెడల్పు చేస్తే సగటు మనిషికి మేలు జరుగుతుంది. చదువుకొని నీడపట్టున పెరిగిన పాదానికీ, చేలో పెరిగిన పాదానికీ పొడవు ఒకటే అయినా వెడల్పు ఒకటి కాదు గదా! ఒక్కొక్క పొడవుకు కనీసం రెండు వెడల్పులు తయారుచేసి, ఆ వెడల్పును కూడ జోడు మీద అచ్చు వేయకపోతే, పాత అంకెకు కొత్త పేరు పెట్టినంతలో ఆగిపోతుంది. వర్తకులు దీనికి ఇష్టపడరు. అల్మరాలో సరుకు రెట్టింపవుతుంది. వారి కష్టం నిజమే. ఆ కష్టాన్ని ఇప్పుడు కొన్నవాని చిటికెనవేలు భరిస్తున్నది.

ఈ విషయంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఒక ప్రత్యేక బాధ్యత వచ్చి పడింది. 2020 అక్టోబరు 8న ఆంధ్రప్రదేశ్‌లో విద్యాకానుక పథకం ప్రారంభమైనప్పటి నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పుస్తకాలతో పాటు ఒక జత నల్లబూట్లు, రెండు జతల మేజోళ్ళు ఇస్తూ వచ్చారు. తరువాత పథకం పేరు మారింది, బూట్లు మాత్రం పెట్టెలో మిగిలాయి. పిల్లల కాళ్ళ కొలతలు ముందుగా పంపవలసినది బడివారే. పోయిన ఏటి నెంబరుకు ఒకటి కలిపి పంపటం సులభం. దానికంటె ఒక పూట విజ్ఞానశాస్త్రం పీరియడును వెచ్చించటం మంచిది. పిల్లవానిని పాత వార్తాపత్రిక మీద రెండు కాళ్ళ మీద సమంగా నిలబెట్టాలి. కూర్చోబెట్టి కొలిస్తే బరువు పడని పాదం పొట్టిగానూ సన్నగానూ కనిపిస్తుంది. పెన్సిలును నిటారుగా పట్టుకొని పాదం చుట్టూ గీయాలి. పెన్సిలు లోపలికి ఒరిగితే కొలత తగ్గిపోతుంది. రెండు పాదాలూ గీయాలి, ఎందుకంటే అవి సమానంగా ఉండటం అరుదు, జోడు పెద్ద పాదానికి సరిపోవాలి. మధ్యాహ్నం తరువాత గీస్తే ఇంకా మేలు, పొద్దుటి కంటె సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది. ఆ గీత వెంట కత్తిరించిన కాగితాన్ని బూటు లోపలి అట్ట మీద పెట్టి చూస్తే, కాగితం అంచులు ఎక్కడ మడతపడతాయో అక్కడ రేపు పిల్లవాని వేలు మడతపడుతుందన్నమాట. తరగతిలోని నలభై కాగితాలను పొడవు ప్రకారం గోడకు వరుసగా అంటిస్తే, సమానమైన పొడవు గల పాదాలలో వెడల్పు భేదాలు ఎంత ఉంటాయో పిల్లలే కళ్ళారా చూస్తారు.

అంగడివాని మరొక మాట 'సపోర్టు', అనగా ఊత. ముగ్గురిలో మోసకారి ఇదే. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. ఆ ఎముకలు లోపలి వైపున ఒక కమానుగా పేర్చి ఉన్నాయి. ఇంటి ద్వారం మీది ఇటుక కమాను కదలదు; పాదం కమాను అడుగడుగుకూ క్రుంగుతుంది, లేస్తుంది. ఎట్లా లేస్తుందో 1954లో ఇంగ్లండులో హిక్స్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలి క్రింద ఒక గట్టి పట్టీ ఉన్నది. మడమ లేచి వేళ్ళు పైకి వంగినప్పుడు, నూతి ఇరుసుకు తాడు చుట్టుకొన్నట్లు ఆ పట్టీ వేలి ఎముక మొదటికి చుట్టుకొంటుంది. చుట్టుకొనేసరికి పట్టీ బిగిసి కమాను పైకి లేస్తుంది. నేల మీద నిలబడి బొటనవేలిని చేత్తో పైకి ఎత్తితే కమాను లేవటం ఎవరికి వారు చూసుకోవచ్చు. ఈ యంత్రం పనిచెయ్యాలంటే జోడు వేళ్ళ మొదట సులభంగా వంగాలి. కమాను క్రింద గట్టి దిమ్మె పెట్టి, ముందుభాగం బల్లచెక్కలాగా బిగించిన జోడు ఊత ఇస్తున్నానన్న పేరుతో సొంత ఊతను పనిచెయ్యనివ్వదు.

చదునుపాదం అంటే రోగమనీ, దానికి ఊత జోడే మందనీ ఒక అభిప్రాయం చాలామందిలో ఉన్నది. కర్ణాటకంలోని మణిపాల్ నుంచి 1992లో ఇద్దరు వైద్యులు ప్రకటించిన పరిశోధన ఈ అభిప్రాయాన్ని బాగా కదిలించింది. 4 మొదలు 13 ఏళ్ళ వయసు గల 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూస్తే, జోళ్ళు తొడిగేవారిలో 8.6 శాతం, తొడగనివారిలో 2.8 శాతం చదునుపాదాలు కనబడ్డాయి. జోళ్ళలో కూడ, వేళ్ళు మూసే బూట్లు వేసుకొనేవారిలోనే ఎక్కువ. అమెరికా సైన్యంలోనూ ఊత సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టారు. పాదముద్ర చూసి ఎత్తు కమాను వానికి మెత్తని జోడు, చదును కమాను వానికి కదలనివ్వని జోడు ఇచ్చి ఒక జట్టును, ముద్రతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే రకం జోడు ఇచ్చి ఇంకొక జట్టును శిక్షణకు పంపారు. పదాతిదళంలోనూ, విమానదళంలోనూ, మెరైను దళంలోనూ చేసిన ఈ మూడు పరిశోధనలు 2009, 2010 సంవత్సరాలలో వెలువడ్డాయి. రెండు జట్ల దెబ్బలలో చెప్పుకోదగిన భేదం లేదు. మడమనొప్పి ఉన్నవారి మాటేమిటంటే, 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు సుమారు 135 మందిలో కొందరికి పేరుకు మాత్రం పలుచని అట్ట, కొందరికి అంగడి అట్ట, కొందరికి కొలిచి చేయించిన ఖరీదైన అట్ట ఇచ్చి చూశారు. మూడు నెలలకు అసలు అట్టలవారికి కొద్ది మేలు కనిపించింది. ఏడాది తిరిగేసరికి మూడు జట్లూ ఇంచుమించు ఒకచోటికే చేరాయి. అంగడి అట్టకూ, కొలిపించిన అట్టకూ ఖరీదులో ఉన్నంత భేదం ఫలితంలో లేదు.

ఇంతమాత్రాన జోళ్ళు పారవేయమని మణిపాల్ పరిశోధన పేరుతో ప్రచారం చేసేవారు హద్దు దాటుతున్నారు. అక్కడ లెక్కించినది నిలబడిన ముద్రలను, నొప్పిని కాదు. చదునైన పాదాలలో చాలావాటికి ఏ బాధా ఉండదు. పైగా వట్టికాళ్ళ వల్ల కలిగే మేలు ఎంత ఉన్నా, కోనసీమ నేల సంగతి మరిచిపోరాదు. కొబ్బరితోటల నీడన ఎప్పుడూ చెమ్మగా ఉండే మట్టి కొంకిపురుగు పిల్లలకు పుట్టిల్లు. అవి వేళ్ళ సందుల మెత్తని చర్మం గుండా ఒంట్లో ప్రవేశించి, పేగులకు చేరి, నెత్తురు పీలుస్తాయి. పాలిపోయిన ముఖంతో బడికి వచ్చే పిల్లవానికి కమాను బాగున్నదని సంతోషించటంలో అర్థం లేదు. తుప్పుపట్టిన మేకు, పగిలిన సీసాపెంకు, ధనుర్వాతం సంగతి చెప్పనే అక్కరలేదు.

ఊత అన్న మాటకు నిలిచే అర్థం ఒకటి ఉన్నది. అది కమాను క్రింద దిమ్మె కాదు, మడమను పట్టి ఉంచటం. వెనుకభాగం గట్టిగా ఉండి, పాదం మీద తాడో పట్టీయో బిగించుకొనే వీలుంటే జోడు పాదంతో పాటు లేస్తుంది, వేళ్ళు దాన్ని ఈడ్వనక్కరలేదు. హవాయి చెప్పులో లేనిది ఇదే. పెరట్లోకి, బజారుకు హవాయి చెప్పు హాయి. ఎనిమిది గంటలు నిలబడి నడిచే పనికి మాత్రం అది జోడు కాదు, వేళ్ళకు ఇచ్చిన మరొక పని.

మెత్తదనం మాటకు వస్తే, పలకల నేల మీద రోజంతా నిలబడేవారికి కొంత మెత్తన అవసరమే. అయితే దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి మురిసిపోయే మెత్తదనం వేరు, ఒక మనిషి బరువు ఆరు నెలలు మోసిన తరువాత మిగిలే మెత్తదనం వేరు. నురుగు అట్టలోని గాలిగదులు నలిగి క్రమంగా చదునవుతాయి. మరీ మెత్తనైనది మడమను ఒక పక్కకు ఒరగనిస్తుంది కూడ. నల్లబల్ల ముందు ఉపాధ్యాయుని నొప్పికి మందు అట్టలో సగమే ఉన్నది. తక్కిన సగం కదలటంలో ఉన్నది. కదలకుండా నిలబడితే పిక్క కండరాలు నెత్తుటిని పైకి తోడటం మానివేస్తాయి, పాదాలు ఉబ్బుతాయి. బల్లల నడుమ తిరుగుతూ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు తెలియకుండానే సరియైన వైద్యం చేసుకొంటున్నాడు.

మరి దేనిని చూసి కొనాలి? 2001లో కెనడాలో సైనికులకు ఆరు రకాల లోపలి అట్టలు చూపి, ఎవరికి హాయిగా ఉన్నది వారినే ఎంచుకోమన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకొన్నారు. నాలుగు నెలలు గడిచాక చూస్తే, ఏ అట్టా వేసుకోనివారి కంటె వీరికి దెబ్బలూ నొప్పులూ తక్కువ. ఏ కొలతబద్దా చెప్పలేనిది పాదమే చెప్పిందన్నమాట. రెండు జోళ్ళూ తొడిగి, మేజోళ్ళతో సహా, దుకాణం బయట గట్టినేల మీద ఐదు నిమిషాలు నడిచి, హాయి లేకపోతే ఎంత పేరున్న జోడునైనా వదిలివేయటం నేటి శాస్త్రం ఒప్పుకొనే పద్ధతి. వాడగా వాడగా సాగుతుందిలే అన్న మాట తోలుకు కొద్దిగా చెల్లుతుంది. రెక్సినుకు అంతగా చెల్లదు.

హాయి అనే ఈ ప్రమాణం కూడ మూడు చోట్ల చతికిలపడుతుంది. మొదటిది, జారుడు. తడిసిన పలకల మీద పాదానికీ నేలకూ నడుమ నీటిపొర నిలుస్తుంది. అడుగున సన్నని, పదునైన అంచుల గాళ్ళు ఉంటే ఆ నీరు పక్కలకు పోయి పట్టు దొరుకుతుంది. అవే సన్నగాళ్ళు చెరువుగట్టు బంకమట్టితో ఒక్క నిమిషంలో పూడిపోయి, నున్నని పీటలాగా మారతాయి. మట్టికి లోతైన, ఎడమెడంగా ఉన్న దంతాలు కావాలి. ఆస్పత్రి నర్సుకూ, చెరువు కూలీకీ ఒకే అడుగు పనికిరాదు. దుకాణంలో పొడినేల మీద రెండూ హాయిగానే ఉంటాయి.

రెండవది, మీదపడే బరువు. గ్యాసు బావుల దగ్గరా, నిర్మాణాల దగ్గరా వాడే రక్షణబూట్ల ముందుభాగంలో ఉక్కు టోపీ ఉంటుంది. భారతీయ ప్రమాణం ప్రకారం అది 200 జౌళ్ళ దెబ్బకు తట్టుకోవాలి. అనగా 20 కిలోల దిమ్మ సుమారు ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత. తోలు సాగుతుంది, ఉక్కు సాగదు. పాదం వెడల్పైనవానికి ఆ టోపీ అంచు చిటికెనవేలిని రోజంతా కోస్తూ ఉంటుంది. అతడు చివరికి చేసే పని ఏమిటంటే, తనిఖీ అధికారి కనుమరుగు కాగానే బూట్లు విప్పి చెప్పులు తొడగటం. బూటు ఇచ్చినట్లు రిజిస్టరులో ఉంటుంది, పాదం మాత్రం వట్టిదే. వెడల్పు కొలవకుండా బూట్లు పంచేవారు దీన్ని పనివాని అజాగ్రత్త క్రింద జమకట్టటం న్యాయం కాదు.

మూడవది అన్నిటికంటె గడ్డుది. మధుమేహం ముదిరినవారికి, కుష్ఠు సోకి నయమైనవారిలో కొందరికి, అరికాలిలో స్పర్శ ఉండదు. జోడులో గులకరాయి ఉన్నా తెలియదు. వారిని "హాయిగా ఉందా?" అని అడగటం వృథా, ఏ జోడైనా హాయిగానే ఉంటుంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగుతో అరికాలిలో తాకి చూసి స్పర్శ ఉన్నదీ లేనిదీ వైద్యులు తేలుస్తారు. ఇటువంటి పాదాలకు పుండు పెద్ద దెబ్బ వల్లనే కాదు, ఒకేచోట వేలసార్లు పడే చిన్న ఒత్తిడి వల్ల కూడ వస్తుందని వెల్లూరులో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ గుర్తించాడు. సూక్ష్మమైన గాలిగదులు గల మెత్తని రబ్బరు అట్టతో, మేకులు లేకుండా చేసిన చెప్పులు అక్కడి కృషి ఫలితంగానే వ్యాప్తిలోకి వచ్చాయి. మెత్తదనం నిజంగా ప్రాణావసరమయ్యేది ఇక్కడే. అయినా అంగడిలో అది బాగా అమ్ముడుపోయేది ఆరోగ్యవంతుల పాదాలకే.

గోదావరి డెల్టాకు చాలాకాలంగా ఎరుకైన బోదకాలు కూడ ఈ లెక్కలోదే. ఉబ్బిన పాదానికి 'భ' పద్ధతిలోనూ నెంబరు లేదు. ఆరుదిక్కుల కొలిచే యంత్రమూ దానికి అచ్చు చెయ్యదు. ఆ పాదాన్ని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, పగుళ్ళు పడకుండా చూసుకొంటే జ్వరాలు తగ్గుతాయి. ఇరుకు జోడు ఒరిపిడితో చర్మం చిట్లితే క్రిములకు దారి ఏర్పడి మళ్ళీ వాపు, మళ్ళీ జ్వరం. దానికి కావలసినది పైభాగమంతా విప్పి మూసుకోగల వెడల్పు పట్టీల చెప్పు. వేళ్ళ సందున గుబ్బ ఉండరాదు, మేకు ఉండరాదు, పొద్దుటి పాదానికీ సాయంత్రపు పాదానికీ పట్టీ సర్దుకోవాలి. అటువంటి చెప్పును కుట్టగలవాడు ఊళ్ళో చెప్పులు కుట్టేవాడే. అతడు నెంబరు అడగడు. కాగితం నేల మీద పరిచి, పాదం పెట్టమని, చుట్టూ పెన్సిలుతో గీసుకొంటాడు.